సర్కారు కాగితాన్ని జనం చేతికిచ్చిన వకీలు

(మాడపాటి హనుమంతరావు సంస్మరణ సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం. సభకు వచ్చినవాళ్లలో యువ న్యాయవాదులు, లా విద్యార్థులు, గ్రంథాలయ పాఠకులు ఎక్కువ.)

సభలో ఉన్న పెద్దలకు, తోటి న్యాయవాదులకు, ముందు వరసల్లో కూర్చున్న లా కాలేజీ పిల్లలకు నమస్కారం.

మాడపాటి హనుమంతరావు గారి గురించి మాట్లాడేటప్పుడు మనకు కొన్ని మాటలు అలవాటైపోయాయి. ఆంధ్ర పితామహుడు, హైదరాబాదు నగరానికి మొదటి మేయరు, శాసనమండలి అధ్యక్షుడు, పద్మభూషణ్. ఇవన్నీ నిజమే. ఆయన ఫొటోకు దండ వేసి, ఇవి నాలుగూ చదివి, టీ తాగి ఇళ్లకు వెళ్లిపోవచ్చు. అలా వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. ఆయన మన వృత్తివాడు, వకీలు. ఒక వకీలు తన చదువుతో, తన మెళకువలతో కోర్టు బయట ఎంత పని చేయగలడో ఆయన జీవితంలో కనిపిస్తుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆ రోజులు ఎలాంటివో పిల్లలకు తెలియాలి. నిజాం రాజ్యంలో పదహారు జిల్లాలు ఉండేవి. ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు నూటికి పదిమంది పైచిలుకు. కచేరీలో, కోర్టులో, పోలీసు ఠాణాలో మాత్రం నడిచేది ఉర్దూ. పై చదువులూ అంతే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది, అక్కడ బోధన అంతా ఉర్దూలో. దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయి చదువు చెప్పడం నిజంగా గొప్ప పనే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే నల్లగొండలోనో కరీంనగర్‌లోనో పుట్టిన తెలుగు పిల్లవాడికి అది దేశభాష కాదు, ఇంకో కొత్త భాష. ఇక ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఊరి రైతుకు ఒక నోటీసు వస్తే చదివిపెట్టే మనిషి ఊళ్లో భూమి లెక్కలు రాసే పట్వారీ ఒక్కడే. చాలాసార్లు ఆ నోటీసు వెనక ఉన్నదీ పట్వారీయే. అంటే తన మీద పెట్టిన కేసు ఏమిటో, పెట్టినవాడినే అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క పరిస్థితి మనసులో పెట్టుకుంటే, మాడపాటి గారు తర్వాత చేసిన ప్రతి పనికీ మూలం దొరుకుతుంది.

ఆయన 1885 జనవరి 22న పుట్టారు. ఊరు ఎర్రుపాలెం. అప్పట్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో ఉండేది, అంటే పుట్టింది బ్రిటిష్ ఇలాకాలో. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామల దగ్గరికి సూర్యాపేట వచ్చారు. అక్కడి నుంచి ఆయన బతుకంతా నిజాం ఇలాకాలోనే. చదువు ఉర్దూలో సాగింది. ఫారసీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. హనుమకొండలో విద్యాశాఖలో చిన్న ఉద్యోగం చేశారు. 1904లో అక్కడ రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయన ఒకరు. అప్పటికి వయసు పంతొమ్మిది. తర్వాత హైదరాబాదు చేరి శాసన విభాగంలో అనువాదకుడిగా పనిచేశారు, లా చదివారు, వకీలయ్యారు. ముషీర్-ఏ-దక్కన్ అనే ఉర్దూ పత్రికలోనూ పనిచేశారు. తెలుగులో కథలు రాశారు, హిందీ ఉర్దూ కథలను తెలుగు చేశారు. తెలంగాణ నుంచి వచ్చిన తొలి తరం కథకుల్లో ఆయన పేరు ఉంటుంది.

ఈ ఉద్యోగాల వరసను ఊరికే చదివేస్తే ఒక గుమాస్తా జీవితంలా ఉంటుంది. కానీ ఆగి ఆలోచించండి. సర్కారు చట్టం ఎలా రాస్తుందో లోపలి నుంచి చూసిన మనిషి. ఉర్దూ కాగితాన్ని తెలుగులోకి, తెలుగు గోడును ఉర్దూలోకి మార్చగల మనిషి. పత్రికకు రాయడం తెలిసిన మనిషి. ఇన్నీ ఒకచోట ఉన్నవాళ్లు ఆనాటి హైదరాబాదులో ఎందరుంటారు? అలాంటివాడు వకీలు కోటు వేసుకుని తన ఆదాయం తాను చూసుకుంటే, హైకోర్టులో బోలెడు సంపాదించేవాడు. ఆయన ప్రాక్టీసు బాగానే నడిచింది కూడా. సంపాదన చాలు అనుకున్న చోట ఆగి, మిగిలిన పొద్దంతా బయటి పనికి ఇచ్చారు.

1921 నవంబరులో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన ధోండో కేశవ కర్వే, మహర్షి కర్వే అని పిలుచుకునే ఆయనే. వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. అందరూ విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడబోతే గోల చేశారు, చప్పట్లు కొట్టి ఎగతాళి చేశారు. తెలుగువాళ్ల మధ్య, తెలుగు జనం ఎక్కువున్న రాజ్యంలో, తెలుగు నోట రాకూడదన్నమాట. ఆ రోజు, నవంబరు 12న, కొంతమంది టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆంధ్ర అంటే ఇక్కడ తెలుగువాళ్లు అని అర్థం, ఇప్పటి రాష్ట్రాల లెక్కతో చూడకండి. మాడపాటి గారు కార్యదర్శి అయ్యారు.

అవమానం జరిగితే కోపం రావడం సహజం. ఆ కోపంలో ఒక సంఘం పెట్టడమూ సహజమే. నాలుగు నెలలకు చల్లారిపోవడం ఇంకా సహజం. అది చల్లారలేదు. ఎందుకంటే కార్యదర్శి స్థానంలో కూర్చున్న మనిషి దాన్ని ఉపన్యాసాల సంఘం కానివ్వలేదు. గ్రంథాలయాలు, పఠనాలయాలు, బడులు, పేద విద్యార్థులకు సాయం, తాళపత్రాలూ శాసనాలూ సేకరించడం, చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం. సంఘం పెట్టుకున్న పనులు ఇవి. 1923 నాటికి ఊరూరి సంఘాలన్నిటినీ కలిపి హనుమకొండలో ఆంధ్ర జనకేంద్ర సంఘం ఏర్పడింది, దానికీ ఆయనే కార్యదర్శి. శాసనాల సేకరణ గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద పరిశోధక మండలి ఏర్పడింది, ఆదిరాజు వీరభద్రరావు గారు ఊళ్లు తిరిగారు. దాన్ని అంతటితో వదిలేస్తాను.

నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఆ చిన్న పుస్తకాల దగ్గర.

అప్పటి ఊళ్లలో వెట్టి ఎలా ఉండేదో చూడండి. తహశీల్దారు దౌరాకు, అంటే ఊళ్ల పర్యటనకు, వస్తున్నాడంటే ఊరు గడగడలాడేది. ఆయన బండ్లకు ఎడ్లు కావాలి, సామాను మోయడానికి మనుషులు కావాలి, కుండలు కుమ్మరి ఇవ్వాలి, బట్టలు చాకలి ఉతకాలి, మంగలి ఒళ్లు పట్టాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి. ఊరి వెలుపల ఉన్న దళితులైతే పిలిచిన క్షణాన చేతిలో పని వదిలి పరుగెత్తాలి, వెనక మూట, ముందు గుర్రం. కూలి లేదు. రెవెన్యూ తనిఖీ చేసే గిర్దావరు వచ్చినా ఇదే, పోలీసు అమీను వచ్చినా ఇదే. కోమటి కొట్టు నుంచి బియ్యం, నెయ్యి, పప్పు పట్టుకుపోయేవారు. వాళ్లు చెప్పిందే ధర, ఇస్తే ఇచ్చినట్టు. దేశ్‌ముఖు ఇంట్లో పెళ్లి అయినా చావు అయినా ఊరంతా పనికి రావాలి. ఇదంతా ఆచారం అనుకున్నారు జనం. తాతల నుంచీ ఉన్నది కదా, సర్కారు రూలే అయి ఉంటుంది అనుకున్నారు.

మాడపాటి గారు చేసిన పని ఏమిటంటే, సర్కారు కాగితాలు తిరగేశారు. జరీదాలు అంటే గెజిట్లు, గస్తీలు అంటే సర్క్యులర్లు, ఫర్మానులు అంటే నిజాం ఆజ్ఞలు. చూస్తే ఏముంది? పని చేయించుకుంటే కూలి ఇవ్వాలనీ, సామాను తీసుకుంటే అంగడి ధర కట్టాలనీ సర్కారు ఎప్పటినుంచో ఇస్తూ వచ్చిన ఉత్తర్వులే ఉన్నాయి. ఉర్దూలో ఉన్నాయి. అమలు చేయాల్సినవాడి బల్ల సొరుగులో ఉన్నాయి. ఎవరిని కాపాడడానికి ఆ ఉత్తర్వు పుట్టిందో వాడికి అది పుట్టిందనే తెలియదు.

జనసంఘం వాటిని తెలుగు చేసి, చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచింది. వర్తకుల స్వాతంత్య్రం గురించి ఒకటి, వెట్టిచాకిరి గురించి ఒకటి, చేతివృత్తులవాళ్ల మీద వేసే మొహతర్ఫా పన్ను గురించి ఒకటి. వర్తకులు సంఘాలు పెట్టుకున్నారు. ఫలానా ఉత్తర్వు ప్రకారం మీరు ధర కట్టాలి అని అధికారితో అనగలిగారు. అంతవరకూ తలవంచుకుని సామాను కట్టించిన మనిషి, చేతిలో ఒక అచ్చు కాగితం పట్టుకుని నిలబడి మాట్లాడాడు.

తోటి న్యాయవాదులారా, ఇందులో ఉన్న వకీలు బుర్రను గమనించండి. ఆయన కొత్త హక్కు అడగలేదు. అడిగితే రాజద్రోహం అనేవారు, సంఘాన్ని మూసేసేవారు. సర్కారు తానే ఒప్పుకున్న మాటను సర్కారు ముందు పెట్టారు. నీ ఉత్తర్వును నీ అధికారే పాటించడం లేదు, మేం పాటించమని అడుగుతున్నాం అన్నారు. దీనికి ఏమని శిక్ష వేస్తారు? మనం రోజూ కోర్టులో అవతలి పక్షం దస్తావేజు తీసి వాళ్ల మీదే ఎలా వాడతామో, ఆయన ఒక రాజ్యం మీద అలా వాడారు. వాదించింది జడ్జి ముందు కాదు, ఊరి చావడి ముందు. ఫీజు ఎవరూ ఇవ్వలేదు.

వెట్టి ఈ పుస్తకాలతో పోయిందని నేను అనడం లేదు. పోలేదు. దేశ్‌ముఖుల గడీల్లో అది ఆ తర్వాత ఇంకో పాతికేళ్లు సాగింది, దాన్ని ఎదిరించడానికి సాయుధ పోరాటమే వచ్చింది. ప్రాణాలు పోయాయి. కానీ వెట్టి అన్యాయం అని, అది తలరాత కాదని, దానికి చట్టం అండ కూడా లేదని మొదట అచ్చులో పెట్టి ఊళ్లకు పంపినవాళ్లు వీళ్లు. ఆ మాట ముందు చెవిన పడకపోతే తర్వాతి తరం కర్ర పట్టుకునేదా? నాకైతే అనుమానమే.

ఇక బడి. నా మనసుకు దగ్గరైనది ఇదే.

1928లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం ఉన్నత పాఠశాల పెట్టారు. తెలుగులో చదువు చెప్పే బడి. మనకు ఇప్పుడు అందులో విశేషం కనిపించదు. ఆనాడు ఆడపిల్లను పదేళ్ల తర్వాత గడప దాటించడమే కష్టం. పెళ్లిళ్లు అంతకంటే ముందే అయిపోయేవి. పంపుదామనుకున్న తల్లిదండ్రులు ఉన్నా, పంపితే ఉర్దూ బడికి పంపాలి, లేదా ఇంగ్లీషు బడికి. ఇంటి భాషలో హైస్కూలు చదువు అనేది ఆడపిల్లకు లేదు, మగపిల్లవాడికీ సరిగా లేదు. పైగా అవి ఖానగీ, అంటే ప్రైవేటు, పాఠశాలల మీద సర్కారు ఆంక్షలు పెట్టిన రోజులు. సొంతంగా బడి పెట్టాలంటే అనుమతి కావాలి. ఎవరు పెడుతున్నారు, ఎవరు చెబుతున్నారు, ఏ పుస్తకం చెబుతున్నారు, అన్నీ చెప్పుకోవాలి.

బడి మొదలైంది, పిల్లలు వచ్చారు. సర్కారు గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. కారణం, బోధన తెలుగులో ఉండడం. గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే సర్టిఫికెట్ లేదు. అసలే ఆడపిల్లల చదువంటే విసుక్కునే పెద్దలు, ఆ సర్టిఫికెట్ కూడా రాని బడికి ఎందుకు పంపుతారు? బోధనను ఉర్దూలోకి మార్చుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది, కానీ బడి పెట్టిన ఉద్దేశమే పోతుంది. మొండికేసి కూర్చుంటే ఆరు నెలల్లో తలుపులు మూసుకోవాలి.

అప్పుడు ఆయన నిజాం సరిహద్దు దాటి చూశారు. పూనాలో కర్వే గారు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఆడపిల్లలకు వాళ్ల మాతృభాషలోనే ఉన్నత విద్య చెప్పాలి అన్నది దాని మూల సూత్రం. నారాయణగూడ బడిని దానికి అనుబంధం చేశారు. పరీక్షలు కర్వే విశ్వవిద్యాలయానివి, చదువు తెలుగులో, బడి హైదరాబాదులో. సర్కారు గుర్తింపు లేకుండానే పిల్లలు పరీక్షలు రాశారు, పాసయ్యారు.

కర్వే గారి పేరు ఇందాకే విన్నారు మీరు. 1921లో తెలుగు మాట్లాడినందుకు గోల జరిగిన సభకు అధ్యక్షుడు ఆయనే. ఆ గోల చేసింది కర్వే గారు కాదు, సభికులు. అయినా అవమానం పొందినవాళ్లు ఆ రోజును మాత్రమే గుర్తుపెట్టుకుంటే పూనా వైపు చూసేవారు కాదు. మాడపాటి గారు ఆయన అధ్యక్షత వహించిన సభను పట్టుకు వేలాడలేదు, ఆయన నమ్మిన సూత్రాన్ని పట్టుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. ఎవరి దగ్గర మన పనికి ఆధారం దొరుకుతుందో చూసుకోవడం వకీలు లక్షణం, అలకలు పక్కన పెట్టడం పెద్దమనిషి లక్షణం.

ఇక్కడ ఆయన భార్య మాణిక్యాంబ గారిని తలచుకోకపోతే ఈ సభ సగమే. ఆడపిల్లల బడికి కావలసిన నమ్మకం మగవాళ్ల ఉపన్యాసాలతో రాదు. ఇంటింటికీ వెళ్లి, వంటింట్లో కూర్చుని, మీ అమ్మాయిని నాతో పంపండి అనే ఆడమనిషి ఉండాలి. జనసంఘం పనే పెరిగి ఆంధ్ర మహాసభలయ్యింది. వాటితో పాటే ఆంధ్ర మహిళా సభలు జరిగేవి. మొదటిది 1930లో జోగిపేటలో, నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన. 1935 సిరిసిల్ల సభల్లో ఆంధ్ర మహాసభకు హనుమంతరావు గారు, మహిళా సభకు మాణిక్యాంబ గారు అధ్యక్షులు. ఒకే ఊళ్లో, ఒకే పందిట్లో. బాల్య వివాహాలు వద్దని, ఆడపిల్లలకు చదువు కావాలని, వితంతువులకు పెళ్లి హక్కు కావాలని ఆ సభలు తీర్మానాలు చేశాయి. ఆ తీర్మానాలకు తగ్గట్టు నగరంలో ఒక బడి నడుస్తూ ఉండడం వల్ల వాటికి బరువొచ్చింది.

ఆ బడి ఇప్పటికీ ఆయన పేరుతో ఉంది. నారాయణగూడ చౌరస్తా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒకసారి అటు చూడండి.

ఆంధ్ర మహాసభల గురించి త్వరగా చెబుతాను. 1930 మార్చి జోగిపేట సభకు సురవరం ప్రతాపరెడ్డి గారు, 1931 దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు గారు, 1934 ఖమ్మం సభకు పులిజాల వెంకటరంగారావు గారు, 1935 సిరిసిల్ల సభకు మాడపాటి గారు, 1936 షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి గారు అధ్యక్షులు. సురవరం, బూర్గుల, కొండా, మాడపాటి, అందరూ లా చదివినవాళ్లే. సభల మీద ఆంక్షలు పెట్టిన సర్కారు సర్క్యులర్, గస్తీ నిషాన్ 53 కింద సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. ఏం మాట్లాడతారో చెప్పాలి, రాజకీయం మాట్లాడం అని హామీ ఇవ్వాలి. అలాంటి చోట ఏ మాట దాకా వెళ్లవచ్చు, ఏ మాట దగ్గర ఆగాలి అన్నది చట్టం తెలిసినవాడే చెప్పగలడు. వీళ్లు ఆ గీత పక్కనే నడుస్తూ పదేళ్లలో ఒక జాతిని సభలకు అలవాటు చేశారు.

ఆయనను విమర్శించినవాళ్లు ఉన్నారు. అర్జీల మనిషి అన్నారు, మెతక అన్నారు. నలభైల నాటికి కుర్రకారుకు అర్జీలు చాలలేదు. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి గారి నాయకత్వం వచ్చింది, సంఘం రెండుగా చీలింది, మితవాదులు వేరుపడ్డారు, మాడపాటి గారు మితవాదుల వైపు ఉన్నారు. ఈ చీలికను ఇక్కడ దాచిపెట్టి పొగడ్తలు చదవడం ఆయనకు మర్యాద కాదు. నా అభిప్రాయం చెబుతాను. ఆకలితో ఉన్న పాలేరుకు, భూమి పోయిన రైతుకు 1944లో అర్జీ చాలదు, ఆ కుర్రవాళ్లు అన్నది నిజం. భూమి ప్రశ్నను మాడపాటి గారి తరం తగినంత గట్టిగా పట్టుకోలేదు. కానీ ఆ కుర్రవాళ్లలో చాలామందికి మొదటి పుస్తకం చేతికిచ్చిన గ్రంథాలయం, మొదటిసారి నలుగురిలో నిలబడి మాట్లాడిన వేదిక, ఈ మెతక మనుషులు కట్టినవే. ఆ చరిత్రంతా ఆయనే రెండు భాగాలుగా రాసిపెట్టారు కూడా. తెలంగాణలో ఆంధ్రోద్యమం గురించి ఎవరు రాసినా ఆ పుస్తకం తెరవక తప్పదు. ఎదుటి పక్షంవాళ్లూ దాన్నే ఆధారంగా చూపిస్తారు. రికార్డు సరిగా ఉంచడం కూడా వకీలు పనే కదా.

పోలీసు చర్య తర్వాత, 1951లో హైదరాబాదు నగరపాలక సంస్థకు మొదటి మేయరయ్యారు. వయసు అరవై ఆరు. 1954 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ముప్పై ఏళ్ల కిందట తెలుగు మాట్లాడితే నవ్విన నగరంలోనే ఒక తెలుగు వకీలు మొదటి పౌరుడయ్యాడు. దాన్ని ఆయన పగ తీర్చుకోవడంగా చూడలేదు. ఉర్దూలో హాయిగా రాసేవారు, మాట్లాడేవారు, పాత నగరంలో ఆయనకు స్నేహితులు ఉండేవారు. ఆయనకు ఏ భాష మీదా కోపం లేదు. తెలుగువాడికి అర్థం కాని భాషలో తెలుగువాడి బతుకును నిర్ణయించడం మీదే ఆయన కోపం. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షులయ్యారు, 1964 వరకు చేశారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1970 నవంబరు 11న, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు.

పదవుల గురించి ఇంతకంటే చెప్పను. ఆయన పని చాలావరకు పదవులకు ముందే అయిపోయింది.

ఇప్పుడు మన సంగతి. నేను ఈ జిల్లా కోర్టులోనే నల్లకోటు పాతబడే దాకా ఉన్నాను. ఉదయం పదింటికి కోర్టు ఆవరణలోకి వస్తే చెట్టు కింద నిలబడి ఉంటారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడిన కాగితాలు. సార్, ఇందులో ఏం రాసిందో జర చెప్పండి అంటారు. నిజాం పోయాడు, ఉర్దూ పోయింది, రాష్ట్రం ఏర్పడింది, ఇంకో రాష్ట్రం ఏర్పడింది. ఆ కవరు పోలేదు. నోటీసు ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఉంటే, ఆ తెలుగు నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. కింది కోర్టుల్లో తెలుగు వాడవచ్చని ఉత్తర్వులూ ఉన్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా సంతోషమేసింది. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టు భాష ఇంగ్లీషు అంటుంది. దాని పరిధిలోనే ఉంటూ, ఇంగ్లీషు ప్రతితో పాటు కక్షిదారుకు అర్థమయ్యే ప్రతి ఇవ్వవచ్చని ఆ న్యాయమూర్తులు చేసి చూపించారు. మాడపాటి గారు ఉంటే ఆ తీర్పును అచ్చువేయించి పంచేవారు.

మన చేతిలో ఉన్నదేమిటి? వేతనాల మీద, భూమి రికార్డుల మీద, పింఛన్ల మీద, గృహహింస మీద ఎన్ని ఉత్తర్వులు లేవు? అవి ఎవరికోసం పుట్టాయో వాళ్లలో ఎంతమందికి తెలుసు? 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు ఉచిత వకీలు దొరుకుతాడని మన కోర్టు గేటు బయట టీ కొట్టు నడిపే ఆమెకు తెలుసా? నిన్న నేను అడిగాను, తెలియదు. అడిగినందుకు ఆమె నన్నే ఎదురు అడిగింది, మరి ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదేంది సార్ అని.

అందుకని ఇవాళ ఒక పని మొదలుపెడదామని సీనియర్లం కొందరం అనుకున్నాం. ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఈ గ్రంథాలయంలోనే ఒక బల్ల వేస్తాం. ఒక వకీలు, ఇద్దరు లా విద్యార్థులు. ఎవరైనా ఏ కాగితమైనా తేవచ్చు, చదివి తెలుగులో చెబుతాం. కేసు పట్టుకోవడానికి కాదు, వకాలత్ ఊసే ఎత్తకూడదు. చదివి చెప్పడం వరకే. దాంతో పాటు నెలకు ఒక చిన్న పుస్తకం, పదహారు పేజీలు మించకుండా, ఒక్క విషయం మీద. మొదటిది ఉపాధి హామీ కూలి గురించి. అందులో చట్టంలో ఏముందో అది తప్ప మన అభిప్రాయాలు ఉండవు. ఉత్తర్వు నంబరు, తేదీ తప్పకుండా ఉండాలి. నంబరు లేని మాటను ఆఫీసులో ఎవడూ లెక్కచేయడు. మాడపాటి గారి చిన్న పుస్తకాలు పనిచేసింది కూడా సర్కారు సొంత ఉత్తర్వునే చూపించడం వల్ల.

భాష గురించి ఒక షరతు. రాసిన ప్రతి పుస్తకాన్ని అచ్చుకు ముందు ఇందాక చెప్పిన టీ కొట్టు ఆమెకు చదివి వినిపించాలి. ఆమె ఆపి అడిగిన ప్రతి చోటా తిరగరాయాలి. లా పిల్లలకు ఇది కొంచెం టెన్షన్‌గా ఉంటుంది, పర్వాలేదు, అలవాటవుతుంది.

అచ్చు ఖర్చుకు ముగ్గురు మిత్రులు ఇప్పటికే ముందుకొచ్చారు. మనుషులు కావాలి. మొదటి నాలుగు ఆదివారాలకు నా పేరు రాసుకున్నాను. ఆ తర్వాతి వారాల కాగితం లైబ్రేరియన్ గారి దగ్గర, తలుపు పక్క బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు మీ పేరు, ఫోను నంబరు, మీకు వీలైన ఆదివారం రాసి వెళ్లండి. ఉర్దూ చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా చెప్పండి, సేత్వార్లు, పహాణీలు అనే పాత భూమి రికార్డులు పట్టుకుని వచ్చే రైతులు ఇంకా ఉన్నారు.

ఇంతసేపు ఓపికగా విన్నారు. అందరికీ నమస్కారం.